కొడవలి కణాల జబ్బు: జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగవద్దు



బిడ్డకు ఒళ్ళు కాలితే తడిగుడ్డ వేసి, పొద్దున చూద్దాంలే అనుకోవడం మనకు అలవాటు. కాని కొడవలి కణాల జబ్బు, అనగా సికిల్ సెల్ రక్తహీనత ఉన్న బిడ్డకు ఆ ఒక్క రాత్రే ప్రాణం మీదికి తేవచ్చు.

ఏమిటీ జబ్బు?

రక్తంలోని ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఈ జబ్బులో అవి వరి కోసే కొడవలిలా వంకరపోయి, గట్టిపడి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. దానితో ఎముకలు, కీళ్ళు విపరీతంగా నొస్తాయి, రక్తం తగ్గిపోతుంది. మన దేశంలో దీనిని 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో మొదట గుర్తించారు. మన రాష్ట్రంలో పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువ. అయినా సంగం వంటి మైదాన ఊళ్ళలో ఉండదని అనుకోరాదు.

సూక్ష్మజీవుల దాడి

కడుపులో ఎడమ పక్కన, డొక్క కింద ప్లీహం ఉంటుంది. అది ఉబ్బితేనే మనం 'బల్ల పెరిగింది' అంటాం. రక్తంలో చేరిన సూక్ష్మజీవులను పట్టి చంపే కావలివాడు అదే. ఈ జబ్బులో అది పసితనంలోనే చెడిపోతుంది. కావలి లేని చేలో పశువులు పడ్డట్లు, న్యూమోకాకస్ అనే సూక్ష్మజీవి జొరబడి నెమ్ము, మెదడు పొరల వాపు తెస్తుంది. టైఫాయిడ్ జాతి క్రిములు ఎముకల్లో చీము పట్టిస్తాయి.

అందుకే ఈ పిల్లలకు 2 నెలల వయసు నుంచి కనీసం 5 ఏళ్ళు నిండేదాకా రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ ఇస్తారు. 1986లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో ఇలా ఇచ్చిన పిల్లల్లో న్యూమోకాకస్ జబ్బులు 84 శాతం తగ్గాయి. దీనితోపాటు 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు న్యూమోకాకస్ టీకా తప్పక వేయించాలి.

మందుకు లొంగని క్రిములు

ఒకే పురుగుమందు పదేపదే కొడితే దోమపోటు లొంగకపోవడం మన రైతులకు తెలిసిందే. క్రిముల సంగతీ అంతే. జలుబుకూ, ఒళ్ళునొప్పులకూ అంగడిలో అడిగి రెండు బిళ్ళలు మింగడం, నయమైందని మందు సగంలో మానడం వల్ల గట్టి క్రిములు మిగిలి పెరుగుతాయి. అవి ఇంకొకరికీ అంటుకుంటాయి. ఆ మందు మీదే ప్రాణం నిలుపుకున్న సికిల్ సెల్ బిడ్డకు ఆపద వచ్చిననాడు అది పనిచేయకపోవచ్చు.

బిడ్డను కనే ముందు

ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఇద్దరిలోనూ ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 'మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగతా ముగ్గురికి రాదు' అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదలే. వంశంలో లక్షణం ఉంటే మేనరికాల్లో ముప్పు ఎక్కువ. పైకి ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ లక్షణం ఉండవచ్చు. తప్పు భార్యదీ కాదు, భర్తదీ కాదు. రక్తపరీక్షకు ఇద్దరూ రండి. కాన్పుకూ కాన్పుకూ ఎడం పాటిస్తే జబ్బు బిడ్డను శ్రద్ధగా చూసుకునే వీలుంటుంది.

గుర్తుంచుకోండి

1. జ్వరం 101 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. జబ్బు సంగతి ముందే చెప్పండి.
2. ఆయాసం, పాలిపోవడం, బల్ల హఠాత్తుగా పెరగడం ప్రమాద సూచనలు.
3. పెన్సిలిన్ ఒక్క పూట కూడా మానవద్దు.
4. డాక్టరు రాయని మందు కొనవద్దు; రాసిన మందు పూర్తిగా వాడండి.

సందేహమేదైనా ఉంటే మీ ఆరోగ్య కార్యకర్తను మొహమాటం లేకుండా అడగండి.