కట్టడాల నుంచి కేబినెట్‌కు: పెద్రో రామిరెజ్ వాస్కెజ్

మెక్సికో సిటీలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియం ప్రాంగణంలో ఒకే ఒక్క స్తంభం భారీ పైకప్పును మోస్తుంది. దాని చుట్టూ నీళ్లు జలపాతంలా జారుతుంటాయి. 1964లో ప్రారంభమైన ఈ అద్భుతం వాస్తుశిల్పి పెద్రో రామిరెజ్ వాస్కెజ్ (1919-2013) ఊహే. 1970, 1986 ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఫైనల్స్ జరిగిన అజ్తెకా స్టేడియం, గ్వాడలూపే కొత్త బసిలికా కూడా ఆయన పేరుతోనే గుర్తుంచుకోవాలి.

1968 మెక్సికో ఒలింపిక్స్ నిర్వాహక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. లాటిన్ అమెరికాలో జరిగిన తొలి ఒలింపిక్స్ అవే. 1974లో మెట్రోపాలిటన్ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయానికి తొలి రెక్టర్ అయ్యారు.

రాజకీయ పదవి ఆ తర్వాతే. అధ్యక్షుడు హోసే లోపెజ్ పోర్తియో ప్రభుత్వంలో 1976 నుంచి 1982 వరకు మానవ ఆవాసాలు, ప్రజా పనుల మంత్రి. 1978లో తొలి జాతీయ పట్టణాభివృద్ధి ప్రణాళిక వచ్చింది ఆ శాఖ నుంచే. నా దృష్టిలో భవనాల కన్నా ఇదే పెద్ద పని, ఎందుకంటే ఒక్క కట్టడం గురించి కాక దేశంలోని నగరాలన్నింటి గురించి ఆలోచించింది.

ఆయన మంత్రిగా ఉండగానే, 1981లో, ఆయన రూపకల్పన చేసిన సాన్ లాసారో శాసన భవనం ప్రారంభమైంది. మెక్సికో దిగువ సభ నేటికీ అక్కడే కొలువుదీరుతోంది.