నారికురుపు – దిగుడుబావి నీరు

పాణ్యం పరిసర గ్రామాలలో వృద్ధుల పిక్కల మీద, చీలమండల వద్ద పాత మచ్చలు కొన్ని చూశాను. ఏమిటని అడిగితే "నారికురుపు" అంటారు. వారి మనుమలకు ఆ మాటే తెలియదు. నరము వలె తెల్లగా, సన్నగా వెలువడేది కనుక మన భావప్రకాశం దీనిని స్నాయుకం అన్నది. నిజానికది సజీవమైన క్రిమి.

దిగుడుబావి నీటిలో సైక్లాప్స్ అనే నీటిపురుగు ఉంటుంది. కంటికి చిన్న చుక్క వలె కనబడుతుంది. అది నారిపురుగు పిల్లలను మింగితే, సుమారు రెండు వారాలలో అవి మనిషికి సోకే దశకు వస్తాయి. ఆ నీరు వడకట్టక త్రాగినప్పుడు సైక్లాప్స్ జఠరరసంలో నశిస్తుంది. పిల్లపురుగులు మాత్రం పేగుగోడను తొలుచుకొని దేహంలో ప్రవేశిస్తాయి. జతకూడిన పిమ్మట మగది మరణిస్తుంది. ఆడది ఏడాది కాలంలో రెండు మూడడుగుల పొడవు పెరుగుతుంది; లావు రెండు మిల్లీమీటర్లే. అంతకాలమూ రోగికి ఏమీ తెలియదు.

తరువాత, సాధారణంగా కాలి మీద, బొబ్బ లేచి భరింపరాని మంట పుడుతుంది. ఈ మంటలోనే క్రిమి ఉపాయమంతా ఉన్నది. ఉపశమనానికి రోగి కాలు చన్నీటిలో పెట్టగానే పురుగు లక్షలాది పిల్లలను నీటిలో విడుస్తుంది. మెట్లు దిగి కడవ ముంచుకొనే బావిలో ఆ నీరే అందరికీ మంచినీరు! చేంతాడుతో తోడుకొనే బావిలో కాలు నీటికి తగలదు.

వెలుపలికి వచ్చిన కొనను పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి లాగేవారు. తొందరపడితే పురుగు తెగి, లోపల వాపు, చీము ఏర్పడేవి. కీలు వద్ద అయితే కాలు బిగుసుకుపోయేది. సేద్యపు రోజులలో ఇంటి యజమాని మంచం పడితే ఆ ఇంటి గతి ఊహించుకోవచ్చు. వావిలాకు రసం, ఆవునెయ్యి మన గ్రంథాలు చెప్పిన చికిత్స. అయినా దాచక చెప్పాలి: ఈ పురుగును చంపే మందు ఏ వైద్యంలోనూ నేటికీ లేదు, టీకా కూడా లేదు.

దానిని జయించినవి వడగుడ్డ, చేతిపంపు. 1983-84లో ఆరంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమంలో నీరు వడకట్టడం నేర్పారు, బావులలో సైక్లాప్స్‌ను చంపే మందు కలిపారు, దిగుడుబావుల వాడకం మాన్పించారు. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడ్డాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఈ వ్యాధి నుండి విముక్తమైనదిగా ధ్రువీకరించింది. 1986లో ప్రపంచమంతటా సుమారు 35 లక్షల మందికి ఉన్న జబ్బు 2024లో 15 మందికే సోకింది. అయితే ఆఫ్రికాలోని చాద్ దేశంలో కుక్కలకూ సోకుతున్నందున పని ఇంకా పూర్తి కాలేదు.

గృహిణులకు ఒక మాట. దగ్గరి నేత గల శుభ్రమైన గుడ్డ సైక్లాప్స్‌ను ఆపుతుంది. విరేచనాలు, కామెర్లు కలిగించే సూక్ష్మజీవులను ఆపలేదు. వాటికి నీరు మరిగించవలసిందే.