షార్జాకు పంపే పండుగ మూట

చిరంజీవి మనవరాలికి,

  

నిన్న రాత్రి హాస్టల్ నుంచి ఫోనులో నువ్వడిగిన దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. స్టైపెండు డబ్బులు చేతికొచ్చాయి, దసరాకు నాయినకు ఏం పంపాలి తాతా అన్నావు. గడియారం చూశానన్నావు, స్వీటు డబ్బా అన్నావు, మోకాళ్ల నొప్పికి మాత్రలన్నావు. ఊహ తెలిసినప్పటి నుంచి నాయిన పంపితే అందుకోవడమే నీకు తెలుసు. ఇప్పుడు నాయినకు పంపాలని తోచింది. ఆ మాట విన్నాక నాకూ మీ నాయనమ్మకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదని పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను.

ముందు పాత సంగతి ఒకటి చెప్పాలి. 1979లో మన ఊరి బ్రాంచి పోస్టాఫీసు పనిలో కూర్చున్నాను. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు ఊపందుకున్నాక కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పిలగాళ్లు బొంబాయి మీదుగా విమానం ఎక్కడం మొదలైంది. మస్కట్ పోయినా కువైట్ పోయినా మన ఊళ్లో అందరూ దుబాయి పోయినవాళ్లే. రిజిస్టరు కవరులో డ్రాఫ్టు వచ్చేది. వేలిముద్ర వేయించుకుని కవరు ఇవ్వడంతో నా పని అయిపోవాలి. కానీ ఆడవాళ్లు అక్కడే అరుగు మీద కూర్చునేవాళ్లు, "జర సదివి చెప్పు" అని. చదివేవాణ్ణి. జవాబు కూడా నేనే రాసేవాణ్ణి. దుబాయి పోయినవాళ్ల ఉత్తరాలేమో బర్రె ఈనిందా, బాయిల నీళ్లున్నాయా, చిన్నోడు నడుస్తున్నాడా అని అడిగేవి. ఇక్కడి నుంచి రాయించే జవాబుల్లో మూడొంతులు లెక్కలే ఉండేవి. వడ్డీ ఇంత, ఎరువుల బస్తా ఇంత, కట్నం బాకీ ఇంత. వాళ్లు ఇంటి గురించి అడిగితే మేము డబ్బు గురించి చెప్పేవాళ్లం.

ఒక దసరా ముందు ఒకావిడ, వయసులో మా అమ్మంత ఉంటుంది, కొంగు ముడి విప్పి జమ్మి ఆకు రెబ్బ బయటికి తీసింది. అబుదాబిలో ఉన్న కొడుక్కు ఉత్తరంలో పెట్టి పంపమంది. ఆవిడ కొనుక్కున్నది ఎయిరోగ్రామ్, ఆ నీలం కాగితం. దాన్ని మడిచి అంటించడమే తప్ప లోపల గడ్డిపోచ పెట్టినా రూలు ఒప్పుకోదు. ఆ సంగతే చెప్పాను. ఆవిడ మాట్లాడలేదు. మళ్లీ కొంగు విప్పి చిల్లర లెక్కపెట్టి, ఎర్రనీలం అంచు కవరు అడిగింది. తూకం వేసి, స్టాంపులు అంటించి పంపాను. నెల దాటాక జవాబొచ్చింది. నేనే చదివాను. "అవ్వా, గీ చెట్టు ఈడ గూడ ఉన్నది. మా క్యాంపు ఎనుక ఇసుకల నిలబడ్డది. గని ఈడ ఎవ్వరు దీన్ని బంగారం అనరు" అని రాశాడు. నాతో మూడుసార్లు చదివించుకుంది.

ఆ పిలగాడు రాసింది నిజమేనని తర్వాతెప్పుడో తెలిసింది. మనం జమ్మి అనేదాన్ని వాళ్లు గాఫ్ అంటారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు అది జాతీయ వృక్షం. మన తెలంగాణకూ రాష్ట్ర వృక్షం అదే. నీళ్లు లేని చోట వేరు లోతుకు దించి బతికే చెట్టు. పండుగనాడు మీ నాయిన ఆ దేశంలోనే జమ్మి కింద నిలబడవచ్చు. చేతిలో ఆకు పెట్టి "బంగారం" అనే మనిషే అక్కడ లేడు. ఆ ఒక్క మాట నువ్వు పంపాలి. వాట్సాప్‌లో ఫోను కలపడం అక్కడ కుదరదు గానీ మాట రికార్డు చేసి పంపితే చేరుతుందని మీ నాయినే చెప్పాడు. దసరా సాయంత్రం మనం జమ్మి పెట్టుకునే వేళకే పంపు.

మాట రికార్డు అంటే ఇంకొకటి గుర్తుకొచ్చింది. ఎనభైలలో క్యాసెట్లు పోయేవి. చుట్టీకి, అంటే సెలవుకు, వచ్చినవాళ్లు తెచ్చిన టేప్ రికార్డర్‌లో ఇంటిల్లిపాదీ మాట్లాడి, తిరిగి పోయేవాళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చేవాళ్లు. మా పక్కింటి కోడలికి పెళ్లయిన ఆరు నెలలకే భర్త వెళ్లిపోయాడు. మీట నొక్కి అందరం బయటికి వచ్చినా ఆ పిల్ల నోట మాట పెగల్లేదు. అరగంట క్యాసెట్‌లో కోడి కూత, గిన్నెల చప్పుడు, అత్త కేక, అంతే. సిగ్గుపడుతూనే అదే పంపారు. అతని దగ్గరి నుంచి వచ్చిన జవాబులో ఫిర్యాదు లేదు. రెండో పక్కన బర్రె పాలు పిండే చప్పుడు నింపి పంపమన్నాడు. ఖాళీ చెంబులో మొదటి ధార పడే చప్పుడు, చెంబు నిండాక వచ్చే చప్పుడు, రెండూ కావాలన్నాడు.

ఇన్ని ఇళ్ల ఉత్తరాలు చదివినవాణ్ణి, నా కొడుకు దగ్గర ఏం చేశాను? 2005లో మీ నాయిన షార్జా పోయాడు. అప్పటికి ఉత్తరాలు తగ్గి ఫోన్లు వచ్చాయి. నిమిషానికింత అని కార్డు కరిగిపోయేది. ఆ నాలుగు నిమిషాల్లో బోరు వేయాలని, స్లాబు పోయాలని, అక్క పురుడని చెప్పేవాణ్ణి. "సరే బాపూ, పంపుతా" అనేవాడు. అలా పదేళ్లు గడిచాక ఒకసారి చుట్టీకి వచ్చినప్పుడు మీ నాయనమ్మ అన్నం వడ్డిస్తూ, "అక్కడ ఏ పక్క పండుకుంటవ్ బిడ్డా, గాలి తగుల్తదా" అని అడిగింది. వాడు చెయ్యి కంచంలో పెట్టి అలాగే ఉండిపోయాడు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అప్పుడు నాకు తెలిసింది. నేనూ అడగలేదు.

అందుకే చెబుతున్నాను బిడ్డా, ఏం కొనాలన్నది తర్వాత. ముందు మీ నాయిన రోజు ఎలా గడుస్తుందో తెలుసుకో. మొన్న ఆదివారం నేను గంటసేపు అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ నాయిన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు. పొయ్యి దగ్గర వరస ఉంటుంది, ఆలస్యమైతే మధ్యాహ్నం డబ్బా ఖాళీ. అయిదున్నరకు బస్సు. పగలంతా సెంట్రింగ్ పలకలు మోయడం, మేకులు కొట్టడం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించరాదని అక్కడి చట్టం. ఆ రెండున్నర గంటలూ పలకల నీడలో పడుకుంటారు. క్యాంపుకు చేరేసరికి రాత్రి ఏడు, మనకు ఎనిమిదిన్నర. నువ్వు చదువు ముగించుకుని పదిన్నరకు ఫోను చేస్తావు, అక్కడ తొమ్మిది. ఎప్పుడు చేసినా ఎత్తుతాడు, నిద్రొస్తుందని ఒక్కనాడూ అనడు. ఇకనుంచి గంటన్నర ముందు చెయ్యి. నువ్వు మొదట ఇవ్వగలిగింది ఇదే, పైసా ఖర్చు లేదు.

గడియారం వద్దు. వాడి దగ్గర రెండున్నాయి, రెండూ పెట్టెలోనే ఉన్నాయి. సిమెంటు పనిలో చేతికి ఏదీ నిలవదు.

మాత్రల మాట ఇంకా ముఖ్యం. నర్సింగ్ చదివేదానివి, నీకు బాగా తెలియాలి. ఇక్కడ నొప్పికి రాసే ట్రమడాల్, దగ్గు మందులో ఉండే కోడీన్ అక్కడ కట్టుదిట్టమైన మందులు. అనుమతి లేకుండా సంచిలో దొరికితే జైలు పడవచ్చు. గసగసాలు కూడా అంతే. మనకు మసాలా, వాళ్లకు మత్తు సరుకు. మన పక్క ఊరి తల్లి ఒకావిడ కోడికూర మసాలా దంచి, అందులో గుప్పెడు గసగసాలు కలిపి, ఇంకొకరి కొడుకు సంచిలో పంపింది. ఆ పిలగాణ్ణి విమానాశ్రయంలోనే ఆపారు. పొట్లంలో ఏముందో వాడికి తెలియదు. రెండిళ్లలోనూ ఎన్నాళ్లు ఏడుపో నాకు తెలుసు, ఆ అర్జీలు రాసింది నేనే. ఒకరి చేతికి మూట ఇస్తే విప్పి చూపించి, అతని ముందే మళ్లీ కట్టాలి. అతను సిగ్గుపడి వద్దన్నా చూపించాలి. నొప్పి సంగతి మీ నాయినను క్యాంపు డాక్టరుకు చూపించుకొమ్మని నువ్వు గట్టిగా చెప్పు. నీ మాట వింటాడు.

స్వీటు డబ్బా వద్దనను, అంతకన్నా మంచిదొకటి ఉంది. సద్దుల బతుకమ్మనాడు చెరువు గట్టున ఆడవాళ్లు చేతులు మార్చుకునే సత్తు. నువ్వులు వేయించి బెల్లంతో దంచింది, పల్లీలు చక్కెరతో దంచింది, రెండూ నెల రోజులు చెడవు. మీ నాయనమ్మ దంచుతానంది. నాకు తోచిన మాట ఒకటి చెబుతా విను. మీ నాయిన ఉండే గదిలో ఎనిమిది మంది. మన తెలుగువాళ్లు ముగ్గురు, బిహార్ వాళ్లు ఇద్దరు, బంగ్లాదేశ్ వాళ్లు ముగ్గురు. మీ నాయిన ఒక్కడే తినే మనిషి కాడు. ఒకే డబ్బా పంపితే అందరికీ పంచి, అడుగున మిగిలిన పొడి తను తింటాడు. ఎనిమిది పొట్లాలు కట్టు. ఒక్కో పొట్లం మీద ఒక్కో పేరు రాయి. పేర్లు నాకు తెలియవు. నువ్వే ఫోను చేసి అడుగు, ఎవరిది ఏ ఊరో, ఎవరికెంతమంది పిల్లలో కూడా అడుగు. పదేళ్లుగా మీ నాయిన జ్వరానికి గంజి కాచింది వాళ్లే.

మామిడి తొక్కు కూడా పెడదామని మీ అమ్మ అంది. నూనె కారితే మోసేవాడి బట్టలు పాడవుతాయి, ఈసారికి వద్దన్నాను. మన ఊరి పిలగాడు చుట్టీ ముగించుకుని బతుకమ్మ మొదలైన నాలుగో రోజు పోతున్నాడు. ముప్పై కిలోల్లో తన సామాను పోను ఊళ్లో పదిళ్ల మూటలు మోయాలి. మన వాటా రెండు కిలోలు దాటకూడదు. వాడికీ ఒక సత్తు పొట్లం విడిగా ఇవ్వాలి.

మూటలో ఒక కాగితం కూడా పెట్టు. ఫోనులో ఎంత మాట్లాడినా కాగితం వేరు, దిండు కింద ఉంటుంది. నాయినకు థాంక్స్ అని రాయకు, అది మన ఇంటి మాట కాదు. ఆయన పంపిన డబ్బు నీలో ఏమైందో రాయి. మొదటిసారి ఎవరికి బీపీ చూశావు, సూది వేసేటప్పుడు చెయ్యి వణికిందా, వార్డులో ముసలమ్మ నిన్నేమని పిలిచింది, ఇవి రాయి. వాడు ఇరవై ఏళ్లుగా మేకులు కొడుతున్నది ఎవరి కోసమో ఆ కాగితంలో వాడికి కనబడాలి.

ఇక నీ స్టైపెండుతో కొనాల్సింది. మీ నాయినది కింది మంచం. పైన ఇంకొకరు పడుకుంటారు. గదిలో ట్యూబులైటు పదకొండు దాకా వెలుగుతుంది, నాలుగింటికి లేచేవాళ్లు కళ్ల మీద తువ్వాలు వేసుకుని పడుకుంటారు. కొందరు మంచం చుట్టూ గుడ్డ కట్టుకుంటారట. ఆ గుడ్డ లోపలున్నంతే ఆ దేశంలో ఎవరికైనా సొంత జాగా. మీ నాయిన పాత దుప్పటి కట్టుకున్నాడు, అది చిరిగి రెండేళ్లయింది. నేను అడిగితేనే చెప్పాడు. ముదురు రంగు నూలు గుడ్డ తీసుకో, వెలుతురు ఆగాలి, గాలి ఆడాలి. పై అంచుకు నాడా దూరేలా మడత కుట్టించు. సగం జేబులాగా ఒక సంచి కూడా లోపలివైపు కుట్టించు, ఫోను, కళ్లద్దాలు, నీ కాగితం పెట్టుకోవడానికి.

కొలత ఫోనులోనే అడిగాను. టేపు లేదంటే జానతో కొలవమన్నాను. పొడవు తొమ్మిది జానలు, ఎత్తు నాలుగు. దర్జీకి నీ జాన చూపించకు, నా జానా పనికిరాదు. వాడి చెయ్యి పెద్దది. పోయినసారి వచ్చినప్పుడు గోడకు సున్నం వేస్తూ అరచెయ్యి ఆనించిన గుర్తు పెరటి తలుపు పక్కన అలాగే ఉంది. మీ అమ్మ దాన్ని తుడవనివ్వలేదు. ఈ ఆదివారం నువ్వు వస్తే బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా దారంతో కొలిచి ఇస్తాను.

దీవెనలతో,
మీ తాత