షాకబ్సార్బర్లు: వాని క్షీణత నెఱుంగు విధము

మోటారుకారు నడపువారు పెట్రోలు తఱిగిన వెంటనే యెఱుంగుదురు. టైరులో గాలి తగ్గినను ఎఱుంగుదురు. షాకబ్సార్బర్లు క్షీణించుటను మాత్రము చాలమంది కనిపెట్టలేరు. ఏలయనగా, అవి యొక్క దినమున చెడిపోవునవి కావు. వాని బలము దినదినము కొంచెముగా తగ్గుచుండును. ఆ తగ్గుదలకు నడపువాని చేయియు, ఒడలును అలవాటు పడిపోవును. ఈ యలవాటువలననే యపాయము కలుగుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మేము కొందఱు విద్యార్థులతో, మాచర్ల చేరువ చంద్రవంకపై 70 అడుగుల యెత్తునుండి పడు ఎత్తిపోతల జలపాతమును చూచుటకై నరసరావుపేట నుండి బాడుగ కారులో పోయితిమి. ప్రతి గుంటకును బండి రెండు మూడు మారులు లేచి పడుచుండగా మేము రోడ్డును నిందించితిమి. తిరుగు ప్రయాణమున గురజాల సమీపమున గేదె యొకటి అడ్డము వచ్చెను. డ్రైవరు బ్రేకు నొక్కగా కారు ముక్కు నేలకు వంగి, అనుకొన్న చోట నిలువక, గేదెకు జానెడు దూరమున నాగెను. మఱునాడు మెకానిక్కు కారు మూలను నొక్కి విడిచి, “షాకులు పోయి చాలా రోజులైంది మాస్టారూ” అనెను. “నాకేమీ తేడా తెలియలేదండీ” అని డ్రైవరు తెల్లబోయెను. అతడు పలికినది నిజమే. దినమును ఆ బండినే నడపువాడగుటచే అతనికి తెలియలేదు.

ఇక దాని పని యేమనగా, రోడ్డు కుదుపును మొదట తీసికొనునది స్ప్రింగు. అది యణగి, పిదప పైకి లేచి, మరల నణగుచు నూగుచుండును. ఆ యూపును ఆపునది షాకబ్సార్బరు. విద్యార్థులారా, ఒక రాతిని రబ్బరు త్రాటికి వ్రేలాడదీసి, క్రిందికి లాగి విడువుడు, చాలసేపు ఊగును. అదే రాయి నీటిలో మునిగియుండునట్లు చేసి విడిచినచో త్వరలో నిలుచును. షాకబ్సార్బరులో నీటికి బదులుగా నూనె యుండును. గొట్టములోని పిస్టను కదలునపుడు నూనె సన్నని రంధ్రములగుండా దూరవలసివచ్చును. అందువలన చలనశక్తి వేడిగా మాఱి గాలిలో కలియును. లోపలి కవాటములు అరిగినను, నూనె కారిపోయినను ఊపు ఆగదు. ఊగుచున్న చక్రము నేలను గట్టిగా నంటదు. నేల నంటని చక్రమునకు ఎంత మంచి బ్రేకున్నను ప్రయోజనము లేదు.

మన పల్నాటి నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని పగుళ్లు వాఱును. దానిపై వేసిన రోడ్లు అలలవలె మిట్టపల్లములగును. పిడుగురాళ్ల ప్రాంతపు సున్నము, సిమెంటు లారీల బరువు దీనికి తోడగును. కావున ఇచట పిస్టనుకు విశ్రాంతి తక్కువ. 80,000 కిలోమీటర్లకు పరీక్షింపవలెనని సాధారణముగా చెప్పుదురు గాని, మనము అంతవఱకు వేచియుండరాదు.

క్షీణత నెఱుంగుటకు గుర్తులివి. మొదటిది: గొట్టముపై నూనె. సన్నని తడి, దానికంటిన దుమ్ము ఉన్నంతమాత్రమున భయము లేదు. ధారగా కారి తడిసియున్నచో అది పాడైనట్లే. రెండవది: టైరు. అరచేతితో తడవినపుడు గిన్నెలవంటి పల్లములు వరుసగా తగులును. చక్రము తూకము తప్పినను ఇట్లగును గనుక మఱియొక గుర్తుతో పోల్చుకొనవలెను. మూడవది: నడక. బ్రేకు వేయగా ముక్కు వంగుట, మలుపున ప్రక్కకు ఒరగుట, స్పీడు బ్రేకరు దాటిన పిదపయు ఊగుచుండుట. నాలుగవది: నొక్కి చూచుట. కారు ఒక్కొక్క మూలను బలముగా నొక్కి విడువవలెను. ఒకమారు లేచి కుదురుకొన్న మేలు. మరల మరల నూగిన కీడు. అయితే మిక్కిలి యరిగినవి మాత్రమే ఈ పరీక్షలో పట్టుబడును. ఇందు నెగ్గినంతనే తక్కిన గుర్తులను విడువరాదు. టకటక శబ్దము మాత్రమే వినవచ్చినచో, కొన్నిమారులు రబ్బరు బుష్షులు మార్చిన చాలును.

మార్చునపుడు ఒక ఇరుసుకు చెందిన రెంటిని కలిపి మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి ప్రాతది యైనచో బండి యొక ప్రక్కకు లాగవచ్చును. చాల చిన్నకార్లలో ముందటి షాకబ్సార్బరు స్ప్రింగుతో కూడియుండును. అణగియున్న స్ప్రింగు ఎగసి ప్రాణము తీయగలదు. కనుక తగిన పనిముట్లు లేక దానిని విప్పరాదు. మార్చిన పిదప చక్రముల అలైన్‌మెంటు చూపించుట మఱవరాదు.

ఆ ప్రయాణమునుండి మేము నేర్చిన పద్ధతి యిది: ఆఱునెలల కొకసారి, ఆ బండిని దినమును నడపని వేఱొకనిచే కొంతదూరము నడిపించి, అతడు చెప్పిన మాట వినవలెను. అలవాటు పడిన చేతికి తెలియనిది క్రొత్త చేతికి తెలియును.