శుల్బసూత్రములు - రేఖలు, రూపములు

వైదిక కర్మలలో మంత్రమెంత ముఖ్యమో వేదిక కొలతయు నంత ముఖ్యము. కొలత తప్పిన వేదిక కర్మకు వైకల్యము కలిగించునని పూర్వులు భావించిరి. ఆ కొలతలను విధించు గ్రంథములే శుల్బసూత్రములు. శుల్బమనగా త్రాడు. వీనిలో బౌధాయన, ఆపస్తంబ శుల్బములు కృష్ణయజుర్వేదమునకు చెందినవి. బౌధాయనము ప్రాచీనతమమని పండితుల అభిప్రాయము.

మొదట దిక్కును నిర్ణయింపవలెను. చదునైన నేలపై శంకువును నిలిపి, దాని పొడవుగల త్రాటితో చుట్టును వృత్తము గీయుదురు. ఉదయము నీడ కొన వృత్తములోనికి ప్రవేశించు చోటను, అపరాహ్ణమున వెలువడు చోటను మేకులు నాటి కలిపినచో తూర్పు పడమరల రేఖ ఏర్పడును. ఆ మేకుల నడిమి దూరముకంటె పొడవైన త్రాటి కొనలను వానికి తగిలించి, త్రాటి నడిమి గుర్తును దక్షిణమునకొకసారి, ఉత్తరమునకొకసారి లాగి గుర్తులిడవలెను. ఆ గుర్తులను కలుపు రేఖ మొదటి రేఖకు లంబమగును.

ఇక చతురస్రము. దానిని కర్ణము రెండు సమాన త్రిభుజములుగా విభజించును. ఆ కర్ణమునే భుజముగా గొని మరియొక చతురస్రము నిర్మించినచో, అందు అట్టి త్రిభుజములు నాలుగు ఇముడును. కావున దాని వైశాల్యము మొదటిదానికి రెట్టింపు. దీర్ఘచతురస్రమున కర్ణముపై చతురస్రము, రెండు భుజములపై చతురస్రముల మొత్తమునకు సమానమని బౌధాయనుడు చెప్పెను. భుజములు 3, 4 మూరలైన కర్ణము 5 మూరలు. 9, 16 కలిసి 25 అగుచున్నవి గదా!

శ్రౌతాగ్నులలో గార్హపత్యము వృత్తము, ఆహవనీయము చతురస్రము, దక్షిణాగ్ని అర్ధవృత్తము. రూపములు వేరైనను వైశాల్యము సమానముగా నుండవలెను. ఇచ్చటనే చిక్కు కలదు. సరళరేఖల రూపమును వక్రరేఖలోనికి మార్చుటెట్లు? చతురస్ర మధ్యమునుండి మూలకు త్రాటిని చాచి, దానిని తూర్పునకు త్రిప్పినచో భుజమును దాటి కొంత మిగులును. ఆ మిగులులో మూడవ వంతును భుజార్ధమునకు చేర్చి, ఆ కొలతతో వృత్తము గీయవలెనని బౌధాయన విధి. ఇట్లేర్పడిన వృత్తము చతురస్రముకంటె నూటికి రెండు పాళ్లకు లోపుగనే హెచ్చు.

సరళదండము, వృత్తలేఖిని మాత్రమే గొని వృత్తమునకు సరిగా సమానమైన చతురస్రమును నిర్మించుట అసాధ్యమని 1882లో జర్మను గణితవేత్త లిండెమన్ నిరూపణమువలన తేలినది. త్రాడును మేకులును మాత్రమే గల ఋషులు ఆ అసాధ్యమునకు అంత చేరువగా వచ్చిరి.

ఇంటి ముంగిట నాలుగు మేకులు, ఒక త్రాడు చాలును. పెద్దలు పిల్లలకు ఈ లంబమును, కర్ణమును చూపవచ్చును. రూపభేదమున్నను ప్రమాణమొక్కటియే యను సత్యము కన్నులయెదుటనే నిలుచును. కొలతయందలి ఆ శ్రద్ధయు భగవదారాధనమున భాగమే.