చేతికి సూది వేసి రెండు రోజులు ఆగమంటారెందుకు?

పిల్లవాడికి క్షయ ఉందేమోనన్న అనుమానంతో వచ్చే తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. ముంజేతి చర్మంలో మాంటూ సూది వేసి, 48 నుండి 72 గంటల మధ్య మళ్లీ చూపించమంటారు. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల నుండి వచ్చేవారికి రెండోసారి బస్సు ఛార్జీ, మిరపకోతల రోజుల్లో అయితే ఒక రోజు కూలి కూడా పోతుంది. అందుకే కొందరు తిరిగి రారు. ఇంట్లోనే చూసుకుని "ఏమీ పొంగలేదులే" అనుకుంటారు.

ఆ పొంగు మన టి కణాల పని. ఇవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఎముక మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉన్న థైమస్ గ్రంథిలో తయారవుతాయి. పేరులోని 'టి' ఆ థైమస్‌దే. క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడి కాపలా కణం దానిని మింగి, ముక్కలు చేసి, దగ్గరలోని లింఫు గ్రంథికి మోసుకుపోతుంది. వాచినప్పుడు మనం బిళ్ల కట్టిందంటామే, ఆ గ్రంథే. అక్కడ ఆ ముక్కను టి కణాలకు చూపుతుంది. వాటిలో ఆ ముక్కను పోల్చుకోగలిగినవి ఏ కొన్నో ఉంటాయి. పోల్చుకున్నా వెంటనే కదలవు. ఇది నిజంగా ప్రమాదమేనని కాపలా కణం నుండి రెండో సంకేతం కూడా అందాలి. ఈ కట్టుబాటు లేకపోతే అవి మన సొంత శరీరం మీదే తిరగబడవచ్చు. రెండూ అందితే ఒక్క కణం వేలకు వేలుగా పెరుగుతుంది.

వీటిలో సి.డి.8 రకం, క్రిమి సోకిన కణాలను చంపుతుంది. క్షయలో అసలు బరువు మాత్రం సి.డి.4 రకానిదే. క్షయ క్రిమి తనను మింగిన కణంలోనే దాక్కుని బ్రతుకుతుంది. సి.డి.4 కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం విడిస్తేనే ఆ మింగిన కణానికి లోపలి క్రిమిని అణచే బలం వస్తుంది. పని ముగిశాక కొన్ని టి కణాలు జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి.

సూదిలో ఉండేది క్రిమి మాంసకృత్తులే, బ్రతికిన క్రిమి కాదు. జ్ఞాపక కణాలు అక్కడికి చేరి, తోటి కణాలను పిలిపించేసరికి రెండు మూడు రోజులవుతుంది. ఎరుపును కాదు, వేలికి తగిలే గట్టిదనాన్ని కొలవాలి. సాధారణంగా 10 మి.మీ. ఉంటే క్రిమి సోకిందని భావిస్తారు. సోకడం వేరు, జబ్బు వేరు. కొత్తగా సోకినవారికి 2 నుండి 8 వారాల వరకు పొంగకపోవచ్చు.

హెచ్.ఐ.వి. సరిగ్గా ఈ సి.డి.4 కణాలనే నాశనం చేస్తుంది. అప్పుడు ఒంట్లో క్షయ ఉన్నా చేయి పొంగకపోవచ్చు. అందుకే వీరిలో 5 మి.మీ. గట్టిదనాన్నే లెక్కలోకి తీసుకుంటారు. బాగా చిక్కిపోయిన పిల్లల్లో కూడా పొంగలేదన్న ధైర్యం పనికిరాదు. మన దేశంలో ఏ.ఆర్.టి. మందులను ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితంగా ఇస్తోంది. మొదట్లో సి.డి.4 లెక్క బాగా పడిపోతేనే ఇచ్చేవారు. 2017 నుండి లెక్క ఎంతున్నా, హెచ్.ఐ.వి. తేలినవారందరికీ ఇస్తున్నారు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే చేయి పొంగినా పొంగకపోయినా కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.