సాయిల్ హెల్త్ కార్డు చూసి ధీమా పడొద్దు

శ్రీశైలం చుట్టూ నల్లమలలో యురేనియం తవ్వొద్దని 2019లో జనం అడ్డం తిరిగారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమూ చేసింది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో మాత్రం గని, మిల్లు అప్పటికే నడుస్తున్నాయి. మిల్లు బురద కె.కె. కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. బోర్లు చెడ్డాయని, అరటి దెబ్బతిందని రైతులు మొరపెట్టుకున్నాక 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసిచ్చింది. గని, మిల్లు నడిపే యూసీఐఎల్ సంస్థ తప్పు తనది కాదంటుంది. వాళ్ల వాదులాట తెగేదాకా సేద్యం ఆగదు కదా!

చేయవలసినవి

సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవి పన్నెండు అంశాలే. నత్రజని, జింకు, ఉదజని సూచిక వంటివి ఉంటాయి; సీసం, కాడ్మియం, యురేనియం ఉండవు. వాటికి విడిగా పరీక్ష రాయించి అడగాలి.

మట్టి తీసేటప్పుడు ఎరువు కుప్ప, గట్టు, చెట్టు నీడ వదిలేయండి. పొలంలో పలుచోట్ల జానెడు లోతు తవ్వి, అంతా కలిపి, అందులోంచి అరకిలో తీయండి. తుప్పు పార, జింకు బకెట్టు వాడితే ఆ లోహమే లెక్కలోకొస్తుంది. ప్లాస్టిక్ తట్ట మేలు.

బోరునీటికైతే మోటారు కాసేపు ఆడనిచ్చి, కొత్త సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నింపండి. సీసా మీద తేదీ, సర్వే నంబరు, బోరు లోతు రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదు.

చేయకూడనివి

నీళ్లు కాచితే సరిపోతుందనుకోవద్దు. ఆవిరయ్యేది నీరే, లోహం అడుగున చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది గానీ, అది బయటికి వదిలే నీటిని పెరటి ఆకుకూరలకు పెట్టొద్దు.

అడగకుండా సున్నం చల్లొద్దు. ఆమ్ల నేలలో సీసాన్ని, కాడ్మియాన్ని పట్టి ఉంచడానికి ఆ చిట్కా పనికొస్తుంది. ఇక్కడి మిల్లులో ఖనిజాన్ని కరిగించేదే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో. సున్నం వల్ల కార్బొనేట్ తోడైతే యురేనియం నీటిలో ఇంకా తేలిగ్గా కదులుతుంది. సోడియం వల్ల నేల బిగుసుకుపోతే జిప్సం మందే. లోహానికి మాత్రం అది మందు కాదు.

గొర్రెల్ని పాండ్ కట్ట దగ్గరికి తోలొద్దు. గని రాళ్లు, మట్టి ఉచితమని ఇంటి పునాదికి తెచ్చుకోవద్దు. పరీక్ష కాగితం అసలుది ఎవరికీ ఇచ్చేయొద్దు, జిరాక్సు ఇవ్వండి. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టేటప్పుడు రసీదు రాయించుకోండి.